ఎడమ తలుపులో గలగల

మా కారు ఏనాడూ నోరు మూసుకుని నడిచింది కాదు. చెన్నై నుంచి ఓడలో వచ్చి ఈ దీవిలో దిగేనాటికే అది ఇద్దరి చేతులు మారింది. మా ఇంటికొచ్చాక ఉప్పుగాలికి అడుగంతా తుప్పు పట్టింది. వైపర్లు మూలిగేవి, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ రొప్పేది, రివర్స్ గేరు వేస్తే గట్టిగా గొంతు సవరించుకునేది. ఇంట్లో మనుషుల దగ్గుల్లా ఆ చప్పుళ్లన్నీ నాకు తెలిసినవే. ఈ కొత్తది మాత్రం వాటిలో ఏదీ కాదు.

మొదటిసారి విన్నది ప్రోతరాపూర్‌లో మా సందు చివర. అక్కడ పెద్ద రోడ్డు ఎక్కేచోట, ఎన్నిసార్లు పూడ్చినా మళ్లీ పడే గుంత ఒకటుంది. ఎడమ చక్రం అందులో దిగి లేచేసరికి ఎక్కడో ఏదో కదిలింది. చాలా చిన్న చప్పుడు. వినకపోయినా తప్పులేనంత చిన్నది.

"విన్నారా?" అని పక్క సీట్లో ఉన్న మా ఆయన్ని అడిగాను.

"క్యా?"

"ఏదో చప్పుడు."

"నాకేం వినపళ్లేదు. సెకండ్ గేర్‌లోకి రా, ఇంజిన్ మీద జోర్ పడుతోంది."

ఇంజిన్ మీద బరువు పడటం వినపడిన మనిషికి ఆ చప్పుడు మాత్రం వినపడలేదన్నమాట. అప్పుడే నాకు అనుమానం రావాల్సింది. రాలేదు.

మా ఆయన ముప్పై ఏళ్లు దీవుల మధ్య తిరిగే బోట్లలో, ఇంజిన్ రూమ్‌లో పనిచేశారు. పొడుగాటి స్క్రూడ్రైవర్ కొన ఇంజిన్‌కి ఆనించి, పిడి చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని వినేవారట. ఏ బేరింగ్ అరిగిందో, ఏ వాల్వ్ సరిగా కూర్చోవట్లేదో ఆ విన్నదాంతోనే చెప్పేసేవారట. అది నేను చూడలేదు, ఆయనతో పనిచేసినవాళ్లు చెబితే విన్నాను. ఇంట్లో మాత్రం రోజూ చూశాను. వంటింట్లో నా మిక్సీ తిరుగుతుంటే ముందు గదిలోంచి "బంద్ చెయ్, బుష్ పోయింది" అని అరిచేవారు. విప్పి చూస్తే పోయే ఉండేది. పచ్చడి సగంలో ఆగిపోయిందని నేను విసుక్కునేదాన్ని.

అంతకు ముందు వానాకాలంలో ఆయనకి స్ట్రోక్ వచ్చింది. పొద్దున్నే చొక్కా బొత్తాం పెట్టుకోబోయి, పెట్టుకోలేక, నావంక చూశారు. ఆ చూపు నేను మర్చిపోలేను. కుడిచేయి, కుడికాలు బలహీనపడ్డాయి. మాట నాలుగు రోజుల్లో తిరిగొచ్చింది. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి హిందీలో నెమ్మదిగా చెప్పింది. బీపీ మాత్ర రోజూ పడాలి, ఒక్కరోజు కూడా తప్పకూడదు. ఇది చిన్నది కాబట్టి బయటపడ్డారు, రెండోది వస్తే చిన్నది కాకపోవచ్చు. ఆ చివరి మాట నాతోపాటే ఇంటికొచ్చింది. దాన్ని పక్కనే పెట్టుకుని వండాను, పక్కనే పెట్టుకుని పడుకున్నాను.

బస్సు మెట్టు ఆయన ఎక్కలేరు. కాబట్టి యాభై దాటాక నేను కారు నేర్చుకోవాల్సి వచ్చింది. నేర్పింది ఆయనే, ఎడమ సీట్లో కూర్చుని, ఎడమ చేత్తో దారి చూపిస్తూ. మా పెళ్లయిన ముప్పై ఏళ్లలో మేం అంత పోట్లాడుకున్నది ఎప్పుడూ లేదు. క్లచ్ మీద నుంచి కాలు తియ్యమంటే నేను తీయలేదట, బ్రేక్ తొక్కమనకుండానే తొక్కానట. ఏమైతేనేం, నేర్చుకున్నాను. ఆదివారం తప్ప రోజూ పొద్దున్న ఆయన్ని ఆసుపత్రిలో కసరత్తుకి దింపి, నేను ఆస్టినాబాద్ దగ్గర బడికి వెళ్లేదాన్ని. మధ్యాహ్నం బడి అయ్యాక మళ్లీ తీసుకొచ్చేదాన్ని. ఆదివారం చర్చికి అదే కారు.

పొద్దున్నపూట మా ఇంట్లో యుద్ధం జరిగేది. వంట, ఆయన స్నానం, నా చీర, బడి సంచి. ఆ గొడవలో మాత్ర మర్చిపోతానేమోనని భయమేసి, దాన్ని కార్లో పెట్టుకున్నాను. టిఫిన్ కడుపులో కుదురుకునేసరికి మేం కార్లో ఉంటాం కదా. శనివారం మధ్యాహ్నం కూర్చుని, మాత్రల రేకుల్ని కత్తెరతో ఒక్కొక్కటిగా కత్తిరించి చిన్న డబ్బాలో వేసేదాన్ని. తాళం తిప్పేముందు ఒకటి తీసి గుప్పిట్లో పట్టుకుని, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ మందు పనిచేసేలా చెయ్యి" అని రెండు ముక్కల ప్రార్థన చేసి ఆయన చేతికిచ్చేదాన్ని. రేకు చింపి ఇస్తానంటే ఒప్పుకునేవారు కాదు. "ఇంత కూడా నేను చేసుకోలేనా?" అనేవారు. పళ్లతో చింపుకుంటానని తీసుకునేవారు. నేను బండి తీసేదాన్ని. కొత్త డ్రైవర్ని, నా కళ్లు రోడ్డు మీద నుంచి కదిలేవి కావు. నీళ్ల సీసా మూత తీసిన చప్పుడు, గుటక వేసిన చప్పుడు వినపడేవి.

"వేసుకున్నారా?"

"ఊఁ."

ఒకరోజు "చింపిన రేకు ఏదీ?" అని అడిగాను, సీటు కింద చెత్త పేరుకుపోతుందని. "బయట పారేశాను" అన్నారు. ఆస్టినాబాద్ మలుపు వచ్చేదాకా తిట్టాను. పిల్లలకి రోడ్డు మీద చెత్త వేయకూడదని పాఠం చెప్పేదాని మొగుడు రోజుకో రేకు రోడ్డు మీద పారేస్తాడా అని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. నేను గెలిచాననుకున్నాను.

కిటికీ ఎప్పుడూ సగం దించే ఉంచేవారు, గాలికి.

ఆ రోజుల్లోనే డాక్టరమ్మ దగ్గర ఇంకో చిక్కు మొదలైంది. ఎన్నిసార్లు చూసినా బీపీ దిగట్లేదు. మాత్ర రోజూ పడుతోందా అని ఆవిడ అడిగింది. నా చేత్తో ఇస్తున్నానండీ అని నేను ఛాతీ విరుచుకుని చెప్పాను. మాత్ర మార్చింది. తర్వాత పొద్దున్న ఒకటి కాదు రెండు వెయ్యమంది. ఉప్పు తింటున్నారేమో చూడమంది. ఇంటికొచ్చి ఎండుచేపలు, ఊరగాయ జాడీ, అప్పడాలు అన్నీ ఎత్తి పక్కింటికి ఇచ్చేశాను. ఉప్మాలో ఉప్పు మానేశాను. ఎండుచేప వాసన లేకపోతే ముద్ద దిగని మనిషి, ఆ చప్పిడి కూడు నోరెత్తకుండా తిన్నారు. ఎంత మంచివాడైపోయాడో అని నేను మురిసిపోయాను కూడా.

చప్పుడు మాత్రం పెరిగింది. ముందు ఆ ఒక్క గుంతలోనే వినపడేది, తర్వాత ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా వినపడసాగింది. ఎడమవైపే అనిపించేది. ఈ కారు దారిలో ఆగిపోతే, సరిగ్గా ఆయనకి ఏదైనా అయిన రోజునే ఆగిపోతే, ఆసుపత్రికి ఎలా తీసుకెళ్లాలి? అదే నా భయం.

మా ఊళ్లో మెకానిక్ ఒకాయన ఉన్నాడు. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన జాలరి కుటుంబం. అన్నదమ్ములందరూ వేటకి పోతారు, ఇతనొక్కడికే పడవెక్కితే వాంతులు. అందుకని ఒడ్డున ఉండి పడవల ఇంజిన్లు, తర్వాత కార్లు బాగుచేయడం నేర్చుకున్నాడు. షెడ్డు ముందు కారాపి, అందరితో మాట్లాడే హిందీలోనే చెప్పాను, ఖడ్ ఖడ్ అని ఆవాజ్ వస్తోంది భయ్యా అని.

"ఖడ్ ఖడ్డా? అయితే కిందదే దీదీ. సూత్తానుండండి."

జాకీ పెట్టి లేపాడు. సైలెన్సర్ పట్టీ వదులైందని బిగించాడు. వారం తర్వాత మళ్లీ వెళితే ముందు చక్రం దగ్గర బుష్ అరిగిపోయిందన్నాడు. అది ఇక్కడ దొరకదు, షిప్పు వచ్చేదాకా ఆగాలి. ఆగాం. వచ్చింది, మార్చాడు. గుంతలో దిగి లేచాం. చప్పుడు అక్కడే ఉంది.

మూడోసారి మా ఆయన్ని కూడా తీసుకెళ్లాను. మెకానిక్ వెనక కూర్చున్నాడు, నేను నడిపాను. గుంత దగ్గర చప్పుడు వచ్చింది. "అదిగో!" అన్నాను. మెకానిక్ మెడ సాచి వింటున్నాడు. అప్పుడు మా ఆయన వెనక్కి తిరిగి అన్నారు కదా, "ఏమీ లేదు భయ్యా. పాత గాడీ, ఇంతమాత్రం మాట్లాడదా? ఈవిడ చెయ్యి కొత్త, డర్ ఎక్కువ. టైర్ కింద రాయి పడినా ఇంజిన్ పోయిందంటది."

మెకానిక్ నవ్వాడు. ముప్పై ఏళ్లు ఇంజిన్లు విన్న మనిషి మాట కాదని, మొన్నమొన్న స్టీరింగ్ పట్టుకున్న పంతులమ్మ మాట ఎవరు వింటారు? ఇద్దరూ నవ్వుకున్నారు. నాకు ఒళ్లు మండింది.

కోపం చల్లారాక అంతకంటే చెడ్డ ఆలోచన వచ్చింది. ఈయనకి నిజంగానే వినపడట్లేదేమో. స్ట్రోక్ చెవిని కూడా పట్టుకుపోయిందేమో. లేదా ఇంకోటి వస్తోందేమో, ఇది దానికి ముందు సూచనేమో. ఆయన ముందు గదిలో ఉండగా వంటింట్లో కావాలనే చెంచా కింద పడేశాను. "ఏం పడింది?" అన్నారు వెంటనే. ఈసారి నెమ్మదిగా, గుడ్డ మీద పడేశాను. "ఏం చేస్తున్నావే అక్కడ?" అన్నారు. చెవులు బాగానే ఉన్నాయి. మరి కార్లో ఏమైంది? నాకు అర్థం కాలేదు. అర్థం కాకపోయేసరికి ఇంకా భయమేసింది.

ఆ చప్పుడు ఏమిటో నాకు తెలిసింది బడిలో. మా బడిలో పిల్లలకి తెలుగు నోటికొచ్చు, చేతికి రాదు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, రాతలో తడబాటు. ఆ రోజు చప్పుళ్లకి ఉన్న మాటలు చెబుతున్నాను. బోర్డు మీద వరసగా రాస్తున్నాను: టపటప, జలజల, లొడలొడ, గలగల. లొడలొడ అంటే బిగింపు వదిలి ఊగేది, గలగల అంటే మూసిన దానిలో విడివిడిగా ఉన్నవి కదిలితే వచ్చేది, డబ్బాలో చింతపిక్కల్లాగ. అది చెబుతూ సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నా కార్లో ఉన్నది ఖడ్ ఖడ్ కాదు. ఏనాడూ కాదు. తెలుగు చెప్పుకుని బతికేదాన్ని, కారు షెడ్డుకి వెళ్లేసరికి నా మాట ఇంట్లో వదిలేసి హిందీ మాట పట్టుకెళ్లాను. ఆ ఒక్క మాటతో ఒక మనిషిని రెండు నెలలు కారు కింద పడుకోబెట్టాను.

మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్లేముందు ఒంటరిగా షెడ్డుకి వెళ్లాను. తెలుగులో చెప్పాను.

"గలగలలాడుతోందయ్యా. డబ్బాలో చింతపిక్కలు వేసి ఆడించినట్టు."

అతను చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు.

"అలగని ముందల సెప్పొచ్చు గదా దీదీ! గలగలంతే లోన ఏటో ఇడిగా పడున్నట్టు. నాను కిందంతా ఇప్పీసి సూసేను."

కారు చుట్టూ తిరుగుతూ తలుపు తలుపూ తెరిచి దబ్ మని వేశాడు. కుడివైపు రెండూ మామూలుగా పడ్డాయి. వెనక ఎడమది కూడా. ముందు ఎడమ తలుపు వేసేసరికి లోపల గలగలమంది. మళ్లీ వేశాడు. మళ్లీ అంది. నావంక చూసి నవ్వి, స్క్రూడ్రైవర్ తీసుకుని తలుపు లోపలి అట్టని విప్పడం మొదలుపెట్టాడు. అద్దం పక్కన రబ్బరు పట్టీ ఎండిపోయి, ముడుచుకుని, వేలు పట్టేంత సందు ఉంది. "దీన్లోంచి ఏదో పడుంటాది. నాణేలో, స్క్రూలో" అన్నాడు. అట్ట ఊడొచ్చింది. చెయ్యి లోపల పెట్టి, అడుగున తడిమి, గుప్పెడు తీసి పాత పేపరు మీద పోశాడు.

మాత్రలు. రేకుతో సహా. ఒక్కొక్కటిగా కత్తెరతో కత్తిరించినవి. మూలలు గుచ్చుకోకుండా నేను గుండ్రంగా కత్తిరిస్తాను, అదే గుండ్రం. ఒక్కటి కూడా చింపలేదు. అతను ఇంకో గుప్పెడు తీశాడు. ఇంకో గుప్పెడు. కింద ఉన్నవి మొదటి మాత్ర, పైన ఉన్నవి డాక్టరమ్మ మార్చిచ్చిన మాత్ర.

"ఇయి దవాలు గదా దీదీ?" అన్నాడు. నా మొహం చూసి ఇంకేం అడగలేదు. స్టూలు తెచ్చి వేశాడు. నేను కూర్చున్నాను. ఇన్ని నెలలు ఆయన ఒంట్లోకి వెళుతోందని నేను నిశ్చింతగా ఉన్న మందు మొత్తం ఆ పేపరు మీద ఉంది. ఇన్ని నెలలూ ఆయన రెండో స్ట్రోక్ అంచున కూర్చుని నాకు గేర్లు మార్చడం నేర్పారు. అది తలుచుకునేసరికి ఏడుపొచ్చింది. దానివెనకే కోపం వచ్చింది.

లోపల మూలన ఇనప బద్ద వెనక ఒకటీ అరా ఇరుక్కుని ఉండొచ్చు, చెయ్యి పట్టట్లేదని చెప్పి, అతను తలుపు బిగించాడు.

ఆసుపత్రి ముందు ఆయన్ని ఎక్కించుకుని కొంతదూరం వచ్చాక రోడ్డు పక్కన ఆపాను. పేపరు పొట్లం విప్పి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయన వాటిని చూశారు. తర్వాత ఎడమ చేత్తో తలుపు తడిమి అన్నారు:

"డోర్ ప్యాడ్ సరిగా బిగించాడా? క్లిప్పులు విరిగిపోతాయి, పాతవి."

"మీకు సిగ్గుందా?" అని అరిచాను. దారిన పోయేవాళ్లు చూశారు. చూడనీ అనుకున్నాను. "చచ్చిపోదామనుకున్నారా? నన్నేం చేద్దామనుకున్నారు?"

"అరే, చావడానికి కాదు." ఆయన తల ఎత్తలేదు. "గవాహీ ఇచ్చాను కదా. అందరి ముందు. ఇచ్చాక గోలీ ఎలా తింటాను?"

ఇక్కడ నేను ఒక సంగతి చెప్పాలి. ఆయన ఆసుపత్రిలో ఉన్నప్పుడు మా తెలుగు చర్చి మొత్తం మూడు రోజులు ఉపవాసం ఉండి ప్రార్థన చేసింది. ఇంటికొచ్చాక కృతజ్ఞతా కూడిక పెట్టాం. అందులో బాగుపడినవాళ్లు లేచి సాక్ష్యం, ఆయన మాటలో గవాహీ, చెప్పడం మా పద్ధతి. ఆయనకి నలుగురిలో మాట్లాడటం రాదు. చెప్పి తీరాలని పట్టుబట్టింది నేను, రాసిచ్చింది నేను. ఆయన ఈ దీవిలోనే పుట్టి హిందీ బళ్లో చదివారు, తెలుగు మాట్లాడతారు కానీ చదవలేరు. నేను చదువుతుంటే హిందీ అక్షరాల్లో రాసుకుని, వారం రోజులు కంఠతా పట్టి, ఊతకర్ర పట్టుకుని నిలబడి ఒక్క తప్పు లేకుండా చెప్పారు. చివరి వాక్యం నాకిప్పటికీ గుర్తే: "మంచం మీద కట్టెలా పడున్న నన్ను నా దేవుడు లేపి, పూర్తిగా స్వస్థపరిచాడు." అందరూ చప్పట్లు కొట్టారు. నా వాక్యానికి కొట్టినట్టే నేను పొంగిపోయాను.

"సాక్ష్యానికీ మాత్రకీ ఏం సంబంధం?" అన్నాను.

"నువ్వే రాశావ్ కదా, పూర్తిగా అని. పూరా అంటే పూరా. పూరా బాగైపోయిందని దేవుడి ముందు, ఉపవాసం ఉన్నోళ్ల ముందు చెప్పి, మర్నాడు కార్లో కూర్చుని గోలీ తింటే? ఝూట్ అయిపోదా? నా వల్ల దేవుడి పేరు పోదా?"

ఆ మాట అక్కడ నేనెందుకు వేశానో నాకు తెలుసు. "స్వస్థపరిచాడు" అని ఊరుకుంటే వాక్యం కుంటుతున్నట్టు అనిపించింది. చెవికి ఇంపుగా ఉంటుందని, ఇంకేం ఆలోచించకుండా "పూర్తిగా" వేశాను. నేను అలంకారానికి వేసిన మాట మీద ఆయన ప్రాణం పెట్టారు.

"వద్దని నాతో చెప్పొచ్చు కదా."

"నువ్వు చచ్చేలా భయపడతావని."

"మరి బయట పారేయొచ్చు కదా. ఇలా దాచడమెందుకు?"

"నువ్వు గోలీ పట్టుకుని ప్రార్థన చేసి ఇస్తావ్ కదా. ప్రార్థన చేసినదాన్ని రోడ్డు మీద ఎలా పారేస్తాను?" అన్నారు. "నాకు వినపడలేదనుకున్నావా? ప్రతి గుంతలోనూ వినపడేది. ఇంజిన్ కంటే గట్టిగా వినపడేది. నాక్కూడా డర్ వేసేదే."

అప్పుడు నేను ఆయన్ని కొట్టాలనుకున్నాను, పట్టుకుని ఏడవాలనుకున్నాను. రెండూ చేయలేదు. సీటు బెల్టు నన్ను కుర్చీకి కట్టేసి ఉంది, ఆయన ఒళ్లో మాత్రల కుప్ప ఉంది. ఆ సాయంత్రమే డాక్టరమ్మకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ, రెండు మాత్రలూ ఒకేసారి మొదలుపెట్టొద్దు, రేపు తీసుకురండి అంది.

మాత్ర వేసుకోవడానికి ఆయన ఒక షరతు పెట్టారు. ముందు ఆ మాట వెనక్కి తీసుకోవాలి. అందరి ముందు అన్నది అందరి ముందే తీసుకోవాలి. ఆదివారం దాకా ఆగేది లేదని నేను, ఆగాల్సిందేనని ఆయన. చివరికి ఆ సాయంత్రమే పాస్టరుగారిని ఇంటికి పిలిచాను. పాస్టరుగారు పేపరు మీద ఉన్నవి చూసి నుదురు పట్టుకున్నారు.

"మందులు మానమని నేనెప్పుడైనా అన్నానా బాబూ? నేను కూడా సుగర్ మాత్ర వేసుకునేగా పుల్పిట్ ఎక్కేది."

"మీరు అనలేదండి," అన్నారు మా ఆయన. "నేనే అన్నాను. పూర్తిగా అని."

పాస్టరుగారు నావంక చూశారు. ఆదివారం నాకు సమయం ఇస్తానన్నారు. అప్పటిదాకా మందు నా పూచీ మీద వేసుకో బాబూ, తప్పైతే దేవుడికి నేను చెప్పుకుంటాను అన్నారు. ఆ మాటకి మా ఆయన ఒప్పుకున్నారు.

ఆదివారం నేను లేచి నిలబడ్డాను. ఈసారి కాగితం లేదు. "ఆ రోజు ఈయన చెప్పిన సాక్ష్యం నేను రాసింది. అందులో పూర్తిగా అన్న మాట ఈయనది కాదు, నాది. అది తప్పు. దేవుడు లేపాడు, అది నిజం. ఇంకా పూర్తిగా బాగవలేదు. రోజూ మాత్ర వేసుకోవాలి, బతికున్నన్నాళ్లూ వేసుకోవాలి," అన్నాను. చప్పట్లు లేవు. ముందు వరసలో మూడు రోజులు ఉపవాసమున్న పెద్దావిడ, "మరి మా ఉపవాసం?" అని పక్కావిడతో అనడం వినపడింది. వచ్చి కూర్చున్నాను. ఆయన ఎడమ చెయ్యి నా చేతి మీద పెట్టారు. చర్చిలో ఆయన అలా చేయడం అదే మొదటిసారి.

ఇది జరిగి కొన్ని నెలలైంది. బీపీ దిగింది. పూర్తిగా అని మాత్రం రాయను. ఇప్పుడు మాత్ర ఇంట్లోనే, టిఫిన్ పళ్లెం ముందే. రేకు నేనే చింపుతాను. మింగాక నోరు తెరిచి నాలుక ఎత్తి చూపిస్తారు, చిన్నపిల్లాడిలాగ. ఆ తెరిచిన నోరు చూడటం నాకు ఇష్టం ఉండదు. చూడకుండా ఉండనూ లేను.

కారు మూగదైపోయింది. గుంతలో దిగి లేస్తే ఏ చప్పుడూ లేదు. నిమ్మళంగా ఉండాల్సింది పోయి, నేను ప్రతి గుంత దగ్గరా ఊపిరి బిగబట్టి వింటాను. ఒకసారి మోసపోయిన చెవి కదా.

మొన్న చౌల్దారీకి వెళుతున్నాం, తెలిసినవాళ్లింట్లో పెళ్లికి. పొలాల మధ్య రోడ్డు చెడిపోయి ఉంది. కారు ఒక పెద్ద గుంతలో పడి లేచింది. నాకేం వినపళ్లేదు. ఆయన తల పక్కకి వంచారు. పాత రోజుల్లో నా మిక్సీని విన్నట్టు కళ్లు మూసుకున్నారు.

"ఒకటుంది లోపల," అన్నారు.

నేను బండి ఆపలేదు కానీ కాలు తీసేశాను. బండి దానంతటదే నెమ్మదించింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఇంకో చిన్న గుంత వచ్చింది. ఈసారి నాకూ వినపడింది. తలుపు అడుగున, ఒక్కటే.

"పాతదే," అన్నారు ఆయన.

ఆయనవంక చూశాను. ఎండిపోయిన రబ్బరు పట్టీ మీద ఎడమ చెయ్యి పెట్టి, రోడ్డునే చూస్తున్నారు. మెకానిక్ చెప్పిన బద్ద వెనకది జారి ఉంటుంది. అదే అయి ఉంటుంది. షెడ్డుకి తీసుకెళ్లి విప్పిస్తే పాతదో కొత్తదో తెలిసిపోతుంది. విప్పించాలా వద్దా అని అప్పటినుంచీ అనుకుంటూనే ఉన్నాను. పాతదే అన్నది మాత్రం నేను రాసిచ్చిన మాట కాదు, ఆయన సొంతంగా అన్నది.

"సెకండ్ గేర్," అన్నారు ఆయన.

వేశాను.